బల్ల చుట్టూ నేర్చిన భాష: లూసియానా వారి ఫ్రెంచ్, మన తెలుగు

మన పూర్వీకులు కోరంగి రేవులో ఓడలెక్కి మారిషస్ చెరకు తోటలకు వచ్చారు. ఆ రేవు పేరే ఈ దీవిలో మన వారికి చాలా కాలం జాతి పేరుగా నిలిచింది. నేడు మన ఇండ్లలో క్రియోల్ వినబడుతుంది. బడిలో ఇంగ్లీషు, ఫ్రెంచ్ చదువుతాం. తెలుగు మాత్రం ఆలయంలో, అమ్మోరు పండుగలో, రామభజనంలో నిలిచి ఉన్నది. పాటగా మిగిలిన ఆ తెలుగును తిరిగి మాటగా మార్చుకోవలెనని మన యువతీయువకులు పలువురు కోరుతున్నారు. వారికి ఉపయోగపడగలదని ఈ వ్యాసం వ్రాస్తున్నాము.

అయితే ముందుగా చెప్పబోయేది తెలుగు విషయం కాదు, ఫ్రెంచ్ విషయం. అమెరికా సంయుక్త రాష్ట్రాలలో లూసియానా అనే రాష్ట్రం ఉన్నది. అక్కడి ప్రజలు తమ తాతముత్తాతల ఫ్రెంచ్‌ను చాలా వరకు పోగొట్టుకున్నారు. ఇప్పుడు చిన్న చిన్న బృందాలుగా కూర్చొని, పాడుతూ, వండుతూ, కథలు చెప్పుకుంటూ దానిని మరల నేర్చుకుంటున్నారు. ఫ్రెంచ్ మనకు తెలిసిన భాషే కనుక వారి అనుభవం మనకు సులభంగా బోధపడుతుంది. వారి మధ్య జరిగిన పొరపాటు కూడ సులభంగానే బోధపడుతుంది. ఆ పొరపాటే మేమూ చేశాము.

ఆ రాష్ట్రం, మన దీవి

లూసియానాలో ఫ్రెంచ్ వారి నివాసం 1699లో ఆరంభమైంది. న్యూ ఆర్లియన్స్ నగరం 1718లో వెలసింది. మన దీవిని ఫ్రెంచ్ వారు 1715లో స్వాధీనం చేసుకున్నారు. అనగా రెండు చోట్లకూ ఆ భాష ఇంచుమించు ఒకే కాలంలో చేరింది. 1803లో ఫ్రాన్స్ లూసియానాను అమెరికాకు అమ్మింది. 1810లో మన దీవి ఆంగ్లేయుల వశమైంది. రెండు చోట్లా చెరకు తోటలు ఉండేవి. రెండు చోట్లా ఆఫ్రికా నుండి బానిసలుగా తేబడినవారే మొదట ఆ తోటల భారం మోశారు.

లూసియానాలో ఫ్రెంచ్ మాట్లాడినవారు ఒకే జాతి వారు కారు. కెనడా తూర్పు తీరాన అకాడియా అనే ప్రాంతం నుండి 1755లో ఆంగ్లేయులు వెళ్లగొట్టిన రైతులలో కొందరు కాలక్రమాన అక్కడికి చేరారు. వారి సంతతి వారిని కేజన్లు అంటారు. నల్లజాతి క్రియోల్ ప్రజలు, హూమా అనే ఆదివాసులు కూడ ఫ్రెంచ్‌ను తమ ఇంటి భాషగా చేసుకున్నారు. తోటల మధ్య పుట్టిన మరొక భాష కూడ అక్కడ ఉన్నది. దాని పేరు కూరి-వీని. ఆ పేరుకు 'పోవుట, వచ్చుట' అని అర్థం. ఆ రెండవ మాట మన క్రియోల్‌లోనూ ఉన్నదే.

ఆ భాష అక్కడ కేవలం ఇంటి మాటగానే ఉండలేదు. 1845లో న్యూ ఆర్లియన్స్‌లో 'లే సెనెల్' అనే ఫ్రెంచ్ కవితా సంకలనం వెలువడింది. దానిని కూర్చినవారు అర్మాన్ లానూస్. బానిసత్వం ఇంకా సాగుతున్న ఆ రోజులలో, స్వతంత్రులుగా బ్రతికిన నల్లజాతి కవులే ఆ సంకలనంలోని కవితలను రచించారు.

బడిలో పోయిన భాష

1921లో లూసియానా రాష్ట్ర రాజ్యాంగం ప్రభుత్వ పాఠశాలలలో బోధన ఇంగ్లీషులోనే జరుగవలెనని నిర్దేశించింది. ఇంట్లో ఫ్రెంచ్ తప్ప మరొక భాష ఎరుగని పిల్లలు ఆ బడులకు వెళ్లారు. ఆటస్థలంలో ఒక్క ఫ్రెంచ్ మాట అన్నందుకు శిక్షలు పొందారు. 'బడిలో ఫ్రెంచ్ మాట్లాడను' అని పదే పదే వ్రాయించేవారు. మోకాళ్లపై నిలబెట్టేవారు. బయటికి వెళ్లవలెనని ఇంగ్లీషులో అడుగలేక బట్టలు తడుపుకున్న పిల్లలూ ఉన్నారు. ఆ తరం వారు ముసలితనంలో కూడ ఈ సంగతులు మరువలేదు.

ఆ పిల్లలే పెరిగి తల్లిదండ్రులయ్యారు. తమ పిల్లలకు ఆ అవమానం కలుగరాదని వారితో ఇంగ్లీషులోనే మాట్లాడారు. ఫ్రెంచ్‌ను పెద్దలు తమలో తాము మాట్లాడుకొనుటకు, పిల్లలకు తెలియరాని విషయాలు చెప్పుకొనుటకు దాచుకున్నారు. భాష పోవుటకు చట్టం ఒక్కటే చాలదు. దానిపై సిగ్గు కూడ కలుగవలెను. లూసియానాలో ఆ సిగ్గు కలిగింది. తరువాత చట్టం మారినా సిగ్గు అంత త్వరగా పోలేదు.

తెప్పించిన పంతుళ్లు, ఇంటి మాటలు

1968లో రాష్ట్ర ప్రభుత్వం ఫ్రెంచ్ అభివృద్ధికి ఒక మండలిని స్థాపించింది. దానిని కోడోఫిల్ అని పిలుస్తారు. లాఫయెట్ నగరానికి చెందిన న్యాయవాది, పూర్వం అమెరికా కాంగ్రెసు సభ్యుడైన జేమ్స్ డొమాంజో దానికి మొదటి అధ్యక్షుడు. 1974 నాటి కొత్త రాష్ట్ర రాజ్యాంగం, ప్రజలు తమ భాషా సంస్కృతుల మూలాలను కాపాడుకొనే హక్కును గుర్తించింది. మండలి ఫ్రాన్స్, బెల్జియం, కెబెక్ ప్రాంతాల నుండి ఉపాధ్యాయులను రప్పించి బడులలో ఫ్రెంచ్ చెప్పించింది. ఇది గొప్ప కార్యమే. ఒకప్పుడు శిక్షకు కారణమైన భాషను బడియే తిరిగి నేర్పింది.

కాని ఒక చిక్కు వచ్చింది. వచ్చిన ఉపాధ్యాయులు నేర్పినది పుస్తకాల ఫ్రెంచ్. అవ్వ నోట ఉన్నది లూసియానా ఫ్రెంచ్. 'ఇప్పుడు' అనుటకు అవ్వ 'అస్తర్' అనేది, పుస్తకంలో 'మెంత్నాన్' అని ఉండేది. రొయ్యను అవ్వ 'షెవ్రెత్' అనేది, పుస్తకంలో 'క్రెవెత్' అని ఉండేది. ఈ మాటలు మన పాఠకులకు కొత్తవి కావు. మన క్రియోల్‌లో 'ఇప్పుడు' అంటే 'అస్తేర్', రొయ్య అంటే 'సెవ్రెత్'. అవ్వ మాటలు తప్పులు కావు. ఓడలపై ప్రయాణించి వచ్చిన పాత ఫ్రెంచ్ మాటలు అవి.

అయినను బడిలో ఒక మాట నేర్చిన పిల్లవాడు ఇంట్లో మరొక మాట విన్నప్పుడు ఏమనుకుంటాడు? అవ్వకు ఫ్రెంచ్ సరిగా రాదనుకుంటాడు. అవ్వ కూడ అట్లే అనుకుంటుంది. చిన్నప్పుడు ఫ్రెంచ్ మాట్లాడినందుకు సిగ్గుపడినది, ముసలితనంలో సరియైన ఫ్రెంచ్ మాట్లాడనందుకు మరల సిగ్గుపడింది. ఏ ఫ్రెంచ్ నేర్పవలెనన్న విషయంపై అక్కడ తీవ్రమైన వాదాలు నడిచాయి. క్రౌలీ అనే ఊరిలో హైస్కూలు ఉపాధ్యాయుడైన జేమ్స్ ఫాక్ 1977లో ఇంటి ఫ్రెంచ్‌ను వినబడినట్లే వ్రాసి ఒక పాఠ్యపుస్తకం వెలువరించారు. డొమాంజో దానిని అంగీకరించలేదు. కాలక్రమాన ఇరుపక్షాలూ కొంత సర్దుకున్నాయి. 2010లో లూసియానా ఫ్రెంచ్‌కు ఒక పెద్ద నిఘంటువు వెలువడింది. కేజన్లు, క్రియోల్ ప్రజలు, ఆదివాసులు మాట్లాడిన మాటలన్నింటికీ అందులో చోటు దొరికింది. కాని ఆ వాదం తీరే లోపల ఎందరో అవ్వలు, తాతలు వెళ్లిపోయారు.

బల్ల చుట్టూ

బడికి తోడుగా అక్కడ మరొక పద్ధతి ఏర్పడింది. దానిని 'తాబ్ల్ ఫ్రాన్సేజ్' అంటారు. అనగా ఫ్రెంచ్ బల్ల. కాఫీ దుకాణంలోనో, గ్రంథాలయంలోనో, కళాకేంద్రంలోనో కొందరు నియమిత దినాన కలుసుకుంటారు. కాఫీ త్రాగుతూ ఫ్రెంచ్‌లోనే మాట్లాడుకుంటారు. లాఫయెట్ పరిసరాలలో ఇటువంటి బల్లలు పలుచోట్ల జరుగుతున్నాయి. ఆర్నోవిల్ అనే చిన్న ఊరు వీటికి ప్రసిద్ధి చెందింది. అక్కడ కళాకారుల కేంద్రమే ఫ్రెంచ్ కూటమికి కూడ చోటుగా మారింది. పుట్టుకతో ఫ్రెంచ్ వచ్చిన వృద్ధులు, బడిలో నేర్చిన యువకులు, ఏమీ రానివారు అక్కడ ఒకే బల్ల వద్ద కూర్చుంటారు.

చిన్న బృందం ఎందుకు మేలు? చిన్న లెక్క వేసి చూద్దాం. ముప్పది మంది ఉన్న తరగతిలో గంటసేపు పాఠం జరిగితే, పంతులు ఒక్క మాటా మాట్లాడకున్నను ఒక్కొక్కరికి రెండు నిమిషాలే దక్కుతాయి. ఆరుగురు కూర్చున్న బల్ల వద్ద ఒక్కొక్కరికి పది నిమిషాలు దక్కుతాయి. భాష వినుటవలన కొంత వస్తుంది, మాట్లాడుటవలన నిలుస్తుంది. పైగా ఆరుగురి మధ్య తప్పు మాట్లాడితే అంతగా సిగ్గు కలుగదు. ముప్పది మంది ముందు ఆ సిగ్గు నోరు కట్టివేస్తుంది.

రెండవ మేలు ఏమనగా, బల్ల వద్ద పెద్దవారు పరీక్షాధికారి స్థానంలో ఉండరు. నేర్చుకొనేవాడు తడబడి ఒక మాట అంటాడు. పెద్దావిడ 'అది తప్పు' అనదు. ఆ మాటనే తన వాక్యంలో సరిగా పలికి సంభాషణ సాగిస్తుంది. విన్నవాడు తనంతట తానే సవరించుకుంటాడు. తల్లి పసిబిడ్డకు మాటలు నేర్పే విధానం ఇదే.

మరింత లోతుగా మునుగదలచినవారికి వేరొక మార్గం ఉన్నది. లూసియానా విద్యార్థులు పలువురు కెనడాలోని నోవా స్కోషియాకు వెళ్లి, సెంట్-ఆన్ విశ్వవిద్యాలయంలో ఐదు వారాలు ఉంటారు. ఆ ఐదు వారాలూ ఫ్రెంచ్ తప్ప మరొక భాష పలుకమని మాట ఇస్తారు. అమెరికాలోనే వెర్మాంట్ రాష్ట్రంలోని మిడిల్‌బరీ కళాశాలలో 1916 నుండి వేసవి ఫ్రెంచ్ పాఠశాల నడుస్తున్నది. అక్కడ కూడ ఇటువంటి ప్రతిజ్ఞ ఉన్నది. అయితే అన్నీ విడిచి ఐదు వారాలు వెళ్లుట అందరికీ సాధ్యం కాదు. వారానికి ఒక గంట బల్ల వద్ద కూర్చొనుట చాలామందికి సాధ్యమే.

చేతికి పని, నోటికి మాట

ఊరకే కూర్చొని మాట్లాడుకొమ్మంటే కొత్తవారికి మాట దొరకదు. అందుచేత కలిసి చేయుటకు ఏదైనా పని ఉండవలెను. లూసియానాలో ఆ పనులు వారి సంస్కృతిలోనుండే వచ్చాయి.

మొదటిది సంగీతం. డ్యూయీ బాల్ఫా అనే ఫిడేలు విద్వాంసుడు 1964లో న్యూపోర్ట్ జానపద సంగీతోత్సవంలో వాయించారు. తన ఊరిలో చులకనగా చూడబడిన సంగీతానికి అక్కడ వేలమంది చప్పట్లు కొట్టుట చూశారు. తిరిగి వచ్చి తన ప్రజలకు ఆ గౌరవం తెలియజేయుటకు జీవితమంతా శ్రమించారు. బడులకు వెళ్లి పిల్లల ముందు వాయించారు. 1974 మార్చి 26న లాఫయెట్‌లో కేజన్ సంగీతానికి పెద్ద సభ జరిగింది. నేటి వార్షిక సంగీతోత్సవానికి అదే మూలం. పాటలు నేర్చిన యువకులలో కొందరికి మొదట అర్థం తెలియదు. శబ్దం విని పాడేవారు. పాడుతున్నది ఏమిటో తెలుసుకోవలెనన్న కోరికే వారిని భాష వైపు నడిపించింది.

రెండవది వంట. గంబో అనే పులుసు లూసియానా వారి ఇంటింటి వంటకం. ఫ్రెంచ్‌లో 'గోంబో' అంటే అక్కడ బెండకాయ. పిండిని నూనెలో ఎర్రగా వేయించుట, ఉల్లిగడ్డలు తరుగుట, నీరు పోయుట, కలుపుట, రుచి చూచుట, ఇవన్నీ క్రియాపదాలే. 'కలుపు' అని విన్నవాడి చేతిలో గరిటె ఉంటే ఆ మాటకు అనువాదం అవసరం లేదు. పుస్తకంలో పట్టిక చూచి నేర్చిన క్రియ మరుపునకు వస్తుంది. పొయ్యి దగ్గర నేర్చినది అంత త్వరగా పోదు.

మూడవది కథ. పూర్వం అక్కడ ఇరుగుపొరుగువారు సాయంకాలం ఒక ఇంట కూడి కబుర్లు, కథలు చెప్పుకొనేవారు. దానిని 'వెయ్యే' అంటారు. బూకీ, లాపెన్ అనే రెండు జంతువుల కథలు అక్కడ ప్రసిద్ధం. లాపెన్ అనగా కుందేలు. బూకీ అనే మాట ఆఫ్రికాలోని వోలోఫ్ భాషలో దుమ్ములగొండికి పేరు. జిత్తులమారి కుందేలు ప్రతిసారీ బూకీని మోసగిస్తుంది. మన దీవిలో 'లియేవ్, తోర్తి' కథలు విన్నవారికి ఈ కుందేలు పాత చుట్టమే. కథలో ఒకే మాట పలుసార్లు వస్తుంది. నేర్చుకొనేవాడికి అది విసుగు పుట్టించని అభ్యాసం.

నాలుగవది రచన. 1980లో 'క్రీ సుర్ ల బాయూ' అనే పేరుతో లూసియానా కవుల ఫ్రెంచ్ కవితల సంకలనం మాంట్రియల్‌లో అచ్చయింది. బడిలో వ్రాయరాదన్న భాషలో ఆ తరం వారు తమ కోపాన్ని, దుఃఖాన్ని వ్రాసుకున్నారు. నాలుగు వాక్యాలు సొంతంగా వ్రాసినవాడికి ఆ భాష పరాయిది కాదు.

ఈ ప్రయత్నాలన్నీ కలిసి పూర్వపు రోజులను తిరిగి తెచ్చాయని చెప్పలేము. పుట్టుకతో ఫ్రెంచ్ వచ్చినవారి సంఖ్య అక్కడ తగ్గుతూనే ఉన్నది. కాని పాఠాలన్నీ ఫ్రెంచ్‌లోనే చెప్పే తరగతులు 1980ల నుండి బడులలో నడుస్తున్నాయి. 2018లో లూసియానా అంతర్జాతీయ ఫ్రాంకోఫోనీ సంస్థలో పరిశీలక సభ్యత్వం పొందింది. ఆ సంస్థలో మన దేశం పూర్ణ సభ్యురాలు. 1993లో ఆ కూటమి శిఖరాగ్ర సమావేశం మన గ్రాన్ బే వద్దనే జరిగింది.

మేము చేసిన పొరపాటు

కొన్ని సంవత్సరాల క్రితం మా ఆలయ మండపంలో ఆదివారం తెలుగు తరగతి ఆరంభించాము. ముప్పది అయిదుగురు చేరారు. వరుసలుగా బెంచీలు వేశాము, నల్లబల్ల కొన్నాము, హైదరాబాదు నుండి పుస్తకాలు తెప్పించాము. మా లోటు లేదనుకున్నాము.

ఎనుబది యేండ్లు దాటిన ఒక పెద్దమ్మ కూడ ఆ తరగతికి వచ్చేది. తోట కేంపులో పుట్టి, తల్లి దగ్గర తెలుగు నేర్చినది ఆమె. మా వారిలో తడుముకోకుండ తెలుగు మాట్లాడగలిగినది ఆమె ఒక్కతే. ఒకనాడు పిల్లలకు ఏదో చెప్పుచు, 'అమ్మోరు కాడికి ఎల్లినాం' అన్నది. పంతులు గారు వెంటనే 'అమ్మవారి వద్దకు వెళ్లినాము అనవలెను' అని సవరించారు. పిల్లలు నవ్వారు. మేము ముందు వరుసలోనే కూర్చొని ఉన్నాము. పంతులు గారి మాటకు తల ఊపాము. మరుసటి ఆదివారం ఆమె రాలేదు. మరి ఎన్నడూ రాలేదు.

ఏడాది తిరుగకముందే తరగతిలో ఏడుగురు మిగిలారు. మరి రెండేండ్లకు ఆ పెద్దమ్మ కాలం చేసింది. ఆమెకు వచ్చిన అమ్మోరు పాటలు మా వద్ద ఏ పుస్తకంలోనూ లేవు. లూసియానా వారి చరిత్ర చదివిన నాడు మాకు మొదట జ్ఞాపకం వచ్చినది ఆమె ముఖమే. పంతులు గారిని నిందించుట లేదు. ఆయన తనకు తెలిసిన తెలుగు నేర్పారు. ఈ పండుగను తరతరాలుగా 'అమ్మోరు పండుగ' అనే పిలిచిన మేము నోరు మూసుకొని ఉండుటే తప్పు.

మనం ఏమి చేయగలం

అమెరికాలోని తెలుగువారు తమ పిల్లలకు తెలుగు నేర్పుటకు మంచి ఏర్పాట్లు చేసుకున్నారు. సిలికానాంధ్ర వారి మనబడి 2007 నుండి నడుస్తున్నది. అయితే అక్కడి పిల్లలలో చాలామంది ఇండ్లలో తల్లిదండ్రులు తెలుగు మాట్లాడుతారు. మన ఇండ్లలో ఆ సౌకర్యం లేదు. భాష తెగి రెండు మూడు తరాలైంది. అందుచేత పుస్తకాలు మనబడి వంటి వారి నుండి గ్రహించినను, పద్ధతి మాత్రం లూసియానా వారి నుండి గ్రహించుట మనకు తగును.

ఇప్పుడు మా ఆలయంలో తరగతిని బల్లలుగా మార్చాము. మా అనుభవంలో ఉపయోగపడిన నియమాలు ఇవి.

ఒక్కొక్క బల్లకు ఆరుగురు, మించితే ఎనిమిదిమంది. అంతకన్న ఎక్కువైతే రెండవ బల్ల వేయవలెను.

ప్రతి బల్లకు ఒక పెద్దవారు. వారికి తెలుగు కొంచెమే వచ్చినను ఫరవాలేదు. వారిని ఎవరూ సవరించరాదు. 'ఎల్లినాం', 'వెళ్లినాము' అనే రెండు రూపాలనూ పక్కపక్కన వ్రాసుకొని, ఒకటి ఇంటిది, ఒకటి పుస్తకానిది అని పిల్లలకు చెప్పవలెను. ఇంటిది మన పూర్వీకులతో ఓడలో వచ్చినది. పుస్తకానిది లోకంలోని తెలుగువారందరితో మాట్లాడుటకు పనికి వచ్చునది. రెండూ కావలెను.

ప్రతి కూటమికి ఒక పని. ఒక వారం పులిహోర కలుపుట, ఒక వారం ముగ్గు వేయుట, ఒక వారం రామభజనంలోని ఒక కీర్తన. కీర్తనను ముందుగా పాడి, పిదప ఒక్కొక్క మాటకు అర్థం అడిగి, ఆ మాటతో సొంత వాక్యం చెప్పించవలెను. రోమన్ లిపిలో చూచి పాడే పిల్లవాడికి ఆ దినాన పాట మొదటిసారి మాట అవుతుంది.

ఒక గంటలో మొదటి అరగంట పూర్తిగా తెలుగు. మాట దొరకనప్పుడు చేతితో చూపవచ్చును, పెద్దవారిని అడుగవచ్చును. తరువాతి అరగంటలో క్రియోల్‌లో సందేహాలు తీర్చుకోవచ్చును.

చివరిది. పెద్దల అనుమతితో వారి మాటలను, పాటలను ఫోనులో రికార్డు చేయవలెను. ఈ పని వాయిదా వేయదగినది కాదు. బల్ల వచ్చే ఏడు కూడ వేయవచ్చును, పుస్తకం వచ్చే ఏడు కూడ కొనవచ్చును.

మీ ఊరిలో, మీ వంశంలో తెలుగు వచ్చిన పెద్దలు ఎవరు మిగిలి ఉన్నారో ఈ వారమే విచారించండి. వారి వద్దకు వెళ్లి కూర్చోండి. వారు ఏ విధంగా మాట్లాడినను, మొదట వినండి.